తల్హన్ గురుద్వారాలో బొమ్మ విమానాల మొక్కు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ పూర్తి చేసి, పై చదువుకని కెనడాకు దరఖాస్తు పెట్టుకున్నాడు. మొదటిసారి వీసా నిరాకరించారు. హైదరాబాదులో వాడితో కలిసి చదివిన పంజాబీ మిత్రుడు, జలంధర్ దగ్గర ఒక గురుద్వారా ఉందనీ, అక్కడ బొమ్మ విమానం సమర్పించి మొక్కుకుంటే వీసా వస్తుందనీ చెప్పాడట. ఏటా నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్లేదాన్ని కనుక మొక్కులంటే నాకు చిన్నచూపు లేదు. అయితే ఈ మాట నిజమేనా? అలాంటి ఆచారం అక్కడ ఎందుకు పుట్టింది? మాలాంటివాళ్లం వెళ్లి మొక్కుకోవచ్చునా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి చెప్పింది నిజమే. జలంధర్ నగరానికి దగ్గరలో తల్హన్ అనే గ్రామం ఉంది. అక్కడి షహీద్ బాబా నిహాల్ సింగ్ గురుద్వారాను చుట్టుపక్కల జనం 'హవాయీ జహాజ్ గురుద్వారా' అని, అంటే విమానాల గురుద్వారా అని పిలుచుకుంటారు. విదేశాలకు వెళ్లాలని ఆశపడేవారు, పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని వీసా కోసం ఎదురుచూసేవారు బొమ్మ విమానాలను తెచ్చి, సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబ్ ఎదుట ఉంచి, నేలకు నుదురు ఆనించి ప్రార్థించడం అక్కడ చాలా ఏళ్లుగా సాగుతూ వచ్చిన ఆచారం. కొందరు కోరిక చెప్పుకునేటప్పుడే విమానం ఇచ్చేవారు. కొందరు వీసా వచ్చిన తరువాత, ప్రయాణానికి ముందు, కృతజ్ఞతగా తెచ్చి ఇచ్చేవారు. గురుద్వారాకు వెళ్లే దారిలోని దుకాణాల్లో పెద్ద పెద్ద విమాన సంస్థల రంగులూ పేర్లూ వేసిన బొమ్మలు వరుసగా పేర్చి అమ్మేవారు. ఇలా పోగైన విమానాలను గురుద్వారా సేవకులు దర్శనానికి వచ్చిన చిన్నపిల్లలకు పంచిపెట్టేవారు. ఈ ఆచారం మొత్తంలో నా మనసుకు బాగా నచ్చిన భాగం అదే.

ఇక బాబా నిహాల్ సింగ్ విషయం. ఆ ప్రాంతంలో చెప్పుకునే చరిత్ర ప్రకారం ఆయన పక్కనే ఉన్న డకోహా గ్రామానికి చెందినవాడు. బావులు తవ్వేటప్పుడు గోడ కట్టడానికి ఆధారంగా అడుగున దించే చెక్క చట్రాలను తయారు చేసి అమర్చడం ఆయన పని. అటువంటి ఒక బావిలో పని చేస్తూండగానే ప్రాణం కోల్పోయాడనీ, ఊరి దాహం తీర్చే పనిలో మరణించాడు కనుక జనం ఆయనను షహీద్‌గా, అంటే అమరుడిగా తలచుకుని స్మారకం కట్టుకున్నారనీ చెబుతారు. గమనించండి, ఈ కథలో విమానం లేదు, విదేశం లేదు, వీసా అంతకంటే లేదు. ఆయన బావుల మనిషి. విమానం తరువాతి తరాలవారు తమ అవసరం కొద్దీ తెచ్చిపెట్టినది.

ఆ అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ నేల సంగతి కొంత తెలియాలి. బియాస్, సట్లెజ్ నదుల మధ్య ఉన్న ప్రాంతాన్ని దోఆబా అంటారు. జలంధర్, కపుర్తలా, హోషియార్‌పూర్, నవాంశహర్ ఆ ప్రాంతంలోనివే. అక్కడ భూమి సారవంతమైనదే అయినా, తరతరాలుగా అన్నదమ్ముల పంపకాల్లో చిన్న చిన్న ముక్కలైపోయింది. బ్రిటిష్ సైన్యంలో చేరి సముద్రాలు దాటినవారు ఇంటికి తెచ్చిన కబుర్లు, ఆ వెనుక కెనడా పశ్చిమ తీరంలోని కలప మిల్లుల్లో దొరికిన పని, 1947 తరువాత ఇంగ్లాండు ఫౌండ్రీలలో, ఫ్యాక్టరీలలో దొరికిన పని, ఒకరి వెనుక ఒకరిని బయటికి తీసుకుపోయాయి. ఈనాడు ఆ పల్లెల్లో ఇళ్ల మీద నీళ్ల ట్యాంకులను సైతం విమానం ఆకారంలో కట్టించుకున్నవారున్నారు. చూసి నవ్వుకునేవారు ఉండవచ్చు గానీ, ఆ ఇంటి అన్నం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఇంటివారు దాచుకోకుండా కప్పు మీదనే చెప్పుకున్నారు.

వెళ్లడం ఎంత పాతదో, ఆపివేయబడడమూ అంతే పాతది. 1914లో కొమగాట మారు అనే ఓడలో 376 మంది ప్రయాణికులు, ఎక్కువమంది పంజాబీ సిక్కులు, కెనడాలోని వాంకూవర్ రేవుకు చేరుకుంటే, కొద్దిమందిని తప్ప మిగిలినవారిని నేల మీద కాలు పెట్టనివ్వలేదు. రెండు నెలలు నీటి మీదే ఉంచి వెనక్కి పంపివేశారు. తిరిగి కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగినప్పుడు పోలీసు కాల్పుల్లో కొందరు చనిపోయారు. కెనడా ప్రధానమంత్రి అక్కడి పార్లమెంటులో దీనికి క్షమాపణ చెప్పింది 2016లో. కొమగాట మారుకు ముందు ఏడాది, 1913లో, బ్రిటిష్ పాలనను కూలదోయాలని అమెరికా పశ్చిమ తీరంలో పుట్టిన గదర్ పార్టీలో అత్యధికులు ఈ పంజాబీ వలస కూలీలే. ఆ పార్టీలో మనవాడూ ఒకడున్నాడని ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి: కనిగిరిలో పుట్టి, చదువు కోసం అమెరికా వెళ్లి, గదర్ వీరులతో కలిసి జైలు అనుభవించిన దరిశి చెంచయ్య. మీ అబ్బాయిలాగే పై చదువుకని ఓడ ఎక్కినవాడాయన.

మనిషి తన శ్రమతో, తెలివితో సాధించలేని మలుపు ఎక్కడ వస్తుందో అక్కడ మొక్కు పుడుతుంది. పైరుకు వాన, కడుపున బిడ్డ, జబ్బు నుంచి విడుదల మన పెద్దలకు అటువంటి మలుపులు. ఎన్నడూ చూడని అధికారి, ఎక్కడో కూర్చుని, కొన్ని నిమిషాల్లో తేల్చివేసే కాగితం నేటి తల్లిదండ్రులకు అటువంటిదే. కనుక మీరు వెళ్లి మొక్కుకోవచ్చునా అన్న ప్రశ్నకు, నిరభ్యంతరంగా వెళ్లవచ్చునని నా జవాబు. గురుద్వారాలో మతం అడగరు, కులం అడగరు. బొమ్మ విమానం సంగతి మాత్రం తరువాతి జవాబు చదివి నిర్ణయించుకోండి. ఆ ప్రయాణం కంటే ముందు, మొదటిసారి వచ్చిన తిరస్కరణ లేఖను మరొకసారి శ్రద్ధగా చదివించండి. అందులో కారణాలు రాస్తారు. అధికారి నమోదు చేసుకున్న వివరాలను కోరి తెప్పించుకునే వీలు కూడా ఉంది. డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదో చూపే పత్రాలు చాలలేదా, ఎంచుకున్న చదువుకూ పాత చదువుకూ పొంతన కుదరలేదా, చదువు కాగానే తిరిగి వస్తాడన్న నమ్మకం కలగలేదా అన్నది తెలియకుండా అదే దరఖాస్తును మళ్లీ పంపితే అదే జవాబు వస్తుంది.

ప్రశ్న: సిక్కు ధర్మంలో విగ్రహారాధన లేదనీ, కోరికలకు ప్రతిగా వస్తువులు ఇచ్చే పద్ధతి లేదనీ చదివాను. మరి గురుద్వారాలోనే ఇలా జరుగుతూంటే అక్కడి పెద్దలు ఎందుకు ఊరుకున్నారు?
— ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మీరు చదివింది సరైనదే, పెద్దలు ఊరుకోనూ లేదు. 2023లో గురుద్వారాల నిర్వహణ చూసే శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ బొమ్మ విమానాల సమర్పణ సిక్కు మర్యాదకు, అంటే ఆచార నియమాలకు, విరుద్ధమని ప్రకటించి, దాన్ని ఆపించవలసిందిగా కోరింది. అమృత్‌సర్ స్వర్ణ మందిరానికి కూడా కొందరు విమానాలు తేవడం మొదలుపెట్టడంతో ఆ మాట గట్టిగా చెప్పవలసి వచ్చింది.

వారి అభ్యంతరానికి మూలం ఏమిటో చెప్పుకోకపోతే అది కేవలం కట్టుదిట్టం కోసం పెట్టిన నిషేధంలా కనిపిస్తుంది. 1708లో నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్ తన తరువాత గురు గ్రంథ్ సాహిబే గురువని నిర్ణయించారు. ఆనాటి నుంచి గురుద్వారా అంటే ఆ గ్రంథం కొలువున్న చోటు. అక్కడికి వెళ్లినవారు గోలక్‌లో, అంటే హుండీలో, శక్తి కొద్దీ డబ్బు వేస్తారు. గ్రంథంపై కప్పే రుమాలా సమర్పిస్తారు. కడా ప్రసాదానికి, లంగర్‌కు, అంటే అందరికీ ఉచితంగా పెట్టే భోజనానికి, కావలసిన పిండి, పప్పు, నెయ్యి ఇస్తారు. ఇచ్చిన ప్రతిదీ గురువు ఎదుట నిలిచి సంగత్‌కు, అంటే చేరిన జనానికి, చేరుతుంది. సంపాదనలో పదో వంతు పరుల కోసం తీయాలన్న దస్వంద్ నియమం వెనుక ఉన్నదీ ఆ ఆలోచనే. అర్దాస్ అనే ప్రార్థన అందరి మేలు కోరడంతో ముగుస్తుంది. తన కోరిక చెప్పుకోవడాన్ని సిక్కు ధర్మం తప్పు పట్టదు. కోరికకు రూపం కట్టి, ఇది ఇస్తాను అది ఇవ్వు అని బేరం పెట్టడాన్నే తప్పు పడుతుంది. ఏది జరిగినా ఆజ్ఞగా, హుకుంగా స్వీకరించమన్నది గురు నానక్ బోధలో ముఖ్యమైన మాట.

గురు నానక్ గురించి సిక్కులు చెప్పుకునే ఒక కథ ఇక్కడికి బాగా సరిపోతుంది. హరిద్వారంలో జనం పితృదేవతలకని తూర్పు వైపుకు గంగాజలం వదులుతూంటే, ఆయన నీళ్లలో దిగి పడమటి వైపుకు దోసిళ్లతో చల్లడం మొదలుపెట్టారట. ఇదేమిటని అడిగితే పంజాబ్‌లోని నా పొలానికి నీరు పెడుతున్నానన్నారట. అంత దూరం ఎలా చేరుతుందని జనం నవ్వితే, పరలోకం దాకా మీ నీళ్లు చేరగా లేనిది ఇదే లోకంలో ఉన్న నా పొలానికి నా నీళ్లు చేరవా అని అడిగారట. ఆ ప్రశ్న అడిగిన గురువు పేరు చెప్పుకునే ఆవరణలో ప్లాస్టిక్ విమానం పెట్టి వాంకూవర్ చేరాలనుకోవడం ఆ ధర్మం తెలిసినవారికి ఎందుకు నొప్పి కలిగిస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అయితే ధర్మగ్రంథంలో ఉన్నదీ ఊరి జనం చేసేదీ ఏ మతంలోనూ పూర్తిగా ఒకటి కాదు. పంజాబ్ పల్లెల్లో పీర్ల దర్గాలకు, అమరుల సమాధులకు, సాధువుల స్థానాలకు సిక్కులు, హిందువులు, ముస్లిములు కలిసే వెళుతూ వచ్చారు. తల్హన్ కూడా ఒక మనిషి స్మారకంగా మొదలైనది. గ్రంథం కొలువుదీరిన తరువాత కూడా పాత మొక్కుల అలవాటు జనంలో నిలిచిపోయింది.

తల్హన్ గురించి మాట్లాడేటప్పుడు విమానాలొక్కటే చెప్పి ఊరుకుంటే సగం చెప్పినట్టే. భక్తుల కానుకలతో ఆ స్థానానికి పెద్ద ఆదాయం వస్తుంది. ఊరిలో దళితులే ఎక్కువ సంఖ్యలో ఉన్నా, ఆ ఆదాయాన్ని చూసే కమిటీలో వారికి చోటుండేది కాదు. చోటు కావాలని అడిగినందుకు 2003లో వారిపై సాంఘిక బహిష్కారం పెట్టారు. ఆ ఏడాది జూన్‌లో ఊరిలో మొదలైన ఘర్షణ జలంధర్ నగరం దాకా పాకింది. చివరకు రాజీ కుదిరి, కమిటీలో దళితులకు ప్రాతినిధ్యం లభించింది. అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినాలన్న ధర్మం పేరు మీద నిలిచిన చోట, కానుకల లెక్క దగ్గర మాత్రం కొందరిని పక్కన పెట్టడం నా దృష్టిలో బొమ్మ విమానం కంటే ఎన్నో రెట్లు పెద్ద అపచారం. మర్యాద గురించి చర్చించేవారు ఆ సంగతిని కూడా అంతే గట్టిగా చెప్పాలి.

ప్రశ్న: మా ఊరి వీసా రొట్టెకూ ఆ విమానానికీ తేడా ఏమిటి? రెండూ మూఢనమ్మకాలేనని మా అన్నయ్య వాదిస్తాడు. నాకు ఒప్పుకోబుద్ధి కాదు, ఎదురు చెప్పడానికి మాట దొరకదు.
— ఒక కళాశాల విద్యార్థిని, నెల్లూరు

జవాబు: ముందు పోలిక చూద్దాం. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగలో పన్నెండుమంది అమరవీరుల సమాధులను జనం దర్శించుకుంటారు. తల్హన్‌లోనూ అమరుడిగా తలచేవాడి స్మారకమే. ఇక్కడ విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, గృహ రొట్టె ఉన్నట్టే, కాలం మారిన కొద్దీ వీసా రొట్టె వచ్చి చేరింది. అక్కడ విమానం వచ్చినట్టే ఇక్కడా కొత్త కోరిక పాత గుడారంలోనే చోటు వెతుక్కుంది. కోరికకు ఆకారం ఇచ్చి సమర్పించడం కూడా మనకు కొత్త కాదు. కంటి జబ్బు నయమైతే వెండి కళ్లు ఇచ్చేవారిని, సంతానం కోసం చెట్టుకు ఉయ్యాల కట్టేవారిని మన గుళ్లలో చూస్తూనే ఉన్నాం. వేళాంగణి వెళ్లివచ్చిన మన జిల్లా క్రైస్తవులను అడగండి, ఇల్లు, బిడ్డ, కాలు, చేయి ఆకారాల్లో అక్కడ అర్పించే కానుకల గురించి చెబుతారు. పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాల్లో ధ్వజారోహణం నాడు కొడిముద్ద అనే ప్రసాదం కోసం కొంగు పట్టే స్త్రీలు కోరేదీ బిడ్డనే.

తేడా మాత్రం గట్టిదే. రొట్టెల పండుగలో రొట్టె సమాధి దగ్గర ఉండిపోదు, హుండీలో పడదు. కోరిక ఉన్న మనిషి, అదే కోరిక తీరిన మరొక మనిషిని వెతుక్కుని, మోకాలి లోతు నీళ్లలో ఎదురెదురుగా నిలబడి, ఆమె చేతి రొట్టెను అందుకుని తినాలి. తనకు తీరిన ఏడాది తానే రొట్టె చేసి తెచ్చి మరొకరికి ఇవ్వాలి. ఇచ్చేవారు ఏ మతమో పుచ్చుకునేవారు అడగరు. వీసా రాక కుంగిపోయిన పిల్లవాడి తల్లికి, వీసా వచ్చిన పిల్లవాడి తల్లి ఎదురుపడి మాట్లాడే చోటు అది. ఏ కన్సల్టెన్సీలోనూ దొరకని ధైర్యం అక్కడ దొరుకుతుంది. ఒక్కొక్కసారి ఏ కాగితం లోపించిందో, ఏ కళాశాలకు దరఖాస్తు పెడితే మేలో అన్న సలహా కూడా దొరుకుతుంది. 2015లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది గానీ, పండుగను నిలబెట్టింది మాత్రం ఈ ఇచ్చిపుచ్చుకోవడమే. విమానం మొక్కులో ఈ ఎదురుపడడం లేదు. అది భక్తుడికీ గురువుకీ మధ్యనే ముగుస్తుంది. ఆ విమానం చివరకు ఎవరో పిల్లవాడి చేతికి చేరడమొక్కటే దానిలో రొట్టెను పోలిన గుణం.

హైదరాబాదు దగ్గర చిలుకూరు బాలాజీ ఆలయం మూడో తరహా. అక్కడ హుండీయే లేదు. కోరిక చెప్పుకుని పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది ప్రదక్షిణలు. ఇచ్చేది వస్తువు కాదు, తన కాళ్ల శ్రమ.

మీ అన్నయ్య మాటలో కూడా కొంత నిజముంది, దాన్ని తోసిపుచ్చకండి. మొక్కు వల్ల మనిషి దరఖాస్తును మరింత జాగ్రత్తగా తయారు చేసుకుంటే హాని లేదు. దేవుడు చూసుకుంటాడని చెప్పి, పొలం కుదువబెట్టిన డబ్బును ఎవరో ఏజెంటు చేతిలో పోస్తేనే ప్రమాదం. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం ఒకటి 104 మంది భారతీయులను చేతులకూ కాళ్లకూ సంకెళ్లు వేసి తెచ్చి అమృత్‌సర్‌లో దించింది. వారిలో పంజాబీలు, హర్యానావారు, గుజరాతీలు ఉన్నారు. ఎన్నో దేశాల అడవులు, సరిహద్దులు దొంగదారిన దాటించేందుకు ఏజెంట్లకు లక్షలు ధారపోసి వెళ్లినవారు వారిలో చాలామంది. బొమ్మ విమానాలు సమర్పించే గడ్డ మీదనే ఆ విమానం దిగడం తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేవారిలోనూ ఏజెంట్ల చేతిలో మోసపోయినవారు ఉన్నారు. పనికి పంపే ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉన్నదీ లేనిదీ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. రొట్టె పట్టిన చేత్తోనే ఆ పని కూడా చేయమని చెబితే, మీ అన్నయ్యకు వాదించడానికి పెద్దగా మిగలదు.

ప్రశ్న: ఉత్తరాది యాత్రలో జలంధర్ మీదుగా వెళుతున్నాం. తల్హన్ చూడదలచుకుంటే పాటించవలసిన నియమాలేమిటి? విమానం కొనాలా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, కందుకూరు

జవాబు: కొనవద్దు. ఆ ధర్మ పెద్దలు వద్దని చెప్పిన తరువాత అతిథులుగా వెళ్లే మనం దాన్ని మన్నించడమే సబబు. ఏదైనా సమర్పించాలనిపిస్తే లంగర్‌కు పిండి గానీ పప్పు గానీ ఇవ్వండి, లేదా గోలక్‌లో తోచినంత వేయండి. అంతకంటే మంచి పద్ధతి, లంగర్‌లో ఒక గంట రొట్టెలు చేయడానికో, పళ్లేలు కడగడానికో కూర్చోవడం. భాష రాకపోయినా చేయి కలిపితే చాలు, వద్దనరు.

ఢిల్లీ నుంచి అమృత్‌సర్ వెళ్లే రైళ్లలో జలంధర్‌లో దిగి ఆటోలోనో టాక్సీలోనో వెళ్లవచ్చు. ఏ గురుద్వారాలోనైనా స్త్రీ పురుషులందరూ తల కప్పుకోవాలి, చెప్పులు బయట విడిచి కాళ్లు కడుక్కోవాలి. పొగాకు, మద్యం వెంట ఉండకూడదు; బీడీ కట్ట జేబులో ఉన్నా తీసి బయట వదిలి వెళ్లండి. లోపల నేల మీద కూర్చోవాలి, గ్రంథం వైపు కాళ్లు చాపకూడదు. గోధుమపిండి, నెయ్యి, చక్కెరతో చేసే కడా ప్రసాదాన్ని రెండు చేతులూ చాచి అందుకోవాలి. లంగర్‌లో పంక్తిలో కూర్చున్నాక తినగలిగినంతే వడ్డించుకోండి, పారేయడం అక్కడ పెద్ద తప్పు. రొట్టెను కూడా దోసిలి పట్టే పుచ్చుకుంటారు. పంజాబ్ దాకా వెళ్లలేనివారికి గోదావరి ఒడ్డున నాందేడ్‌లోని హజూర్ సాహిబ్, బీదర్‌లోని నానక్ ఝీరా మనకు దగ్గర. ఈ నియమాలు అక్కడా ఇవే. తల కప్పుకోవడానికి రుమాలు తీసుకెళ్లడం మరిచిపోయినా దిగులుపడనక్కరలేదు, ద్వారం దగ్గర బుట్టలో ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు అందులోనే వేసి రండి.